ఏమీ కలపని రోజు

మా బావ చావుకు ఊళ్ళో తొందరగానే ఒక మాట స్థిరపడింది. "తాగి సచ్చిండు." పరామర్శకు వచ్చినవాళ్ళు ఇంట్లో ఇంకేవో మాటలు మాట్లాడి, వాకిలి దాటగానే ఈ మాట అనుకునేవాళ్ళు. అది అక్కకు వినిపించేది.

"తాగి సచ్చినోడే అయితే నేను గూడ గదే అంటుంటి తమ్మీ," అంది ఒకసారి నాతో. "గిది గది కాదు. ఎవడో చేసిండు. ఆ మాట ఊరోళ్ళు అంటే నాకేం లాభం లేదు. సర్కారోళ్ళు అనాలె, రాసి ఇయ్యాలె."

ఆ తర్వాత ఆమె తిరిగిన తిరుగుడంతా ఆ ఒక్క మాట కోసమే. చాలాసార్లు నేను వెంట ఉన్నాను.

బావ భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. నా చదువులో కొంత భాగం వాళ్ళ క్వార్టర్‌లోనే గడిచింది. డ్యూటీ దిగి స్నానం చేసి మంచం మీద ఒరిగి, నా చేత పత్రిక చదివించుకునేవాడు. సంపాదకీయం కూడా వదలనిచ్చేవాడు కాదు. అర్థం కాని మాట దగ్గర ఆపి "అంటే ఏంది?" అనేవాడు. నాకు తెలియకపోతే "రేపటికి తెలుసుకో" అనేవాడు. నేను చదువరినయ్యానంటే అందులో ఆయన మంచానికి పెద్ద భాగమే ఉంది. అప్పట్లో ఆయన తాగింది తక్కువ. ఊపిరి సమస్యతో అన్‌ఫిట్ అయ్యాక క్వార్టర్ వదిలి దేవరుప్పుల దగ్గరి సొంత ఊరికి వచ్చేశారు. అక్కడ డ్యూటీ లేదు, తోటి కార్మికులు లేరు. సాయంత్రం పోవడానికి ఒకే చోటు ఉంది, కల్లు మండువ.

మా వైపు కల్లుకు వాడిక అని ఒక పద్ధతి ఉంది. గీసే ప్రతి మనిషికీ కొన్ని ఇళ్ళు ఉంటాయి. ఆ ఇళ్ళవాళ్ళు మరొకరి దగ్గర తాగరు. చెట్టు తక్కువ పారిన రోజున కూడా ఆయన వాళ్ళ వంతు ఆపడు. పెళ్ళికి, పోచమ్మకు సాక పోయడానికి, చచ్చిపోయినవాళ్ళకు పెట్టడానికి కల్లు ఆయనే తెస్తాడు. అక్క అత్తగారింటికి వాడిక పోసే ముసలాయన వాళ్ళ తాతల కాలం నుంచి వచ్చిన ఇంటివాడు. అక్క ఆయనను మామా అని పిలుస్తుంది. ఆయనకు ఈమె బిడ్డ.

ఆ ముసలాయన కల్లులో తెల్లపొడి కలిపేవాడు. అది నిద్రమాత్రల జాతి పొడి. నీళ్ళలో కొంచెం చక్కెర, కొంచెం అసలు కల్లు, చిటికెడు పొడి వేస్తే లొట్లకు లొట్లు, అంటే కుండలకు కుండలు, తయారవుతాయి. ఈ సంగతి ఊళ్ళో రహస్యం కాదు. చెట్టు కల్లు, పొడి కల్లు అని రెండు మాటలు మామూలుగా వాడేవాళ్ళు, నాటుకోడి, ఫారం కోడి అన్నట్టు. పొడి తెచ్చి మండువలకు ఇచ్చే మనిషి ఊళ్ళోనే ఉన్నాడు. భూములున్న కుటుంబం, ఎరువుల దుకాణం. అందరూ పటేల్ అంటారు. జనగామలో రైలు దిగిన సరుకు ఎరువు బస్తాలతో పాటు ఆయన జీపులో వచ్చేది. తెలంగాణ రాష్ట్రం కోసం ఊళ్ళో జరిగే ప్రతి ధర్నాకూ ముందు నిలబడేది కూడా ఆయనే. అది నటన కాదు. లాఠీదెబ్బలు తిన్నాడు, నేను చూశాను.

నేనప్పుడు మహబూబాబాద్‌లో పౌరశాస్త్రం చెప్పేవాణ్ణి. ఆ ఊరిని మేమంతా మానుకోట అంటాం. ఎదిగిన మనిషి ఏం తాగాలో, ఏం తినాలో చెప్పే పని రాజ్యానిది కాదని చదివాను. పిల్లలకు అదే చెప్పాను. ఆ రోజుల్లో ఆ మాట చెప్పడం తేలిక కూడా. చట్టం అంటే మాకు హాస్టల్ గేటు దగ్గర నిలబడ్డ పోలీసు వ్యాను. చట్టం ఇంకో నాలుగు పనులు కూడా తన మీద వేసుకోవాలని ఎవరం కోరుకుంటాం?

రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బడులు, కాలేజీలు మూతపడ్డాయి. బస్సులు డిపోల్లో ఆగాయి. భూపాలపల్లిలో బొగ్గు ఆగిందని విని బావ ఆ రోజంతా ఉత్సాహంగా ఉన్నాడు. "బొగ్గు ఆగితెనే ఢిల్లీకి చెవులు వినపడ్తయి" అన్నాడు. కాలేజీ లేదు కాబట్టి నేను అక్క ఇంటికి వచ్చి ఉన్నాను. అప్పుడే రైళ్ళు కూడా ఆపారు. పొడి రాలేదు. ఉన్నది అయిపోయింది.

ముసలాయన చేతిలో ఇక చెట్టు కల్లు తప్ప ఏమీ మిగల్లేదు. అదే పోశాడు. తాగేవాళ్ళకు మొదట కోపం వచ్చింది.

"ఇది కల్లు గాదు, పాలు. తీస్కపొయ్యి తొట్లెల పోరనికి తాగియ్యి" అన్నాడొకడు. నవ్వారు.

మరుసటి సాయంత్రానికి నవ్వు లేదు. చేతులు వణుకుతున్నాయి, చెమటలు కారుతున్నాయి, కొందరికి ఒంటి మీద చీమలు పాకుతున్నట్టుంది. నిద్ర పట్టినవాడు లేడు. అందరూ కలిసి మండువకు వచ్చారు. బావ వెంట నేనూ వెళ్ళాను.

"ఏం గలిపినవ్ ముసలోడా?"

"ఏం కలపలేరా. పోచమ్మ తోడు, ఏం కలపలే."

"అబద్ధం! ఇన్నేండ్ల సంది తాగుతున్నం, ఎన్నడన్న గిట్లయిందా?"

"ఎన్నడు గలపకుంట పొయ్యలేదు గద, అందుకే గాలే."

"సూడుండ్రి, ఎట్ల మాట్లాడ్తుండో. మనల సంపుతందుకు చూస్తుండు."

ఒకడు లొట్టి ఎత్తి నేలకు కొట్టాడు. ఇంకొకడు ఆయన నడుముకున్న మోకు పట్టి లాగాడు. ముసలాయన బోర్లా పడ్డాడు. చెట్టెక్కే ఆ తాడును ఇంకొకరు ముట్టుకోవడం మా దగ్గర పెద్ద తప్పు. ఆ రోజు ఎవరికీ అది గుర్తు రాలేదు. ఏళ్ళ తరబడి పొడి కలిపినప్పుడు ఎవరూ ఒక్క మాట అనలేదు. ఏమీ కలపని రోజున, కల్తీ చేశాడని కొట్టారు. వాళ్ళు మూర్ఖులై కాదు. వాళ్ళ ఒళ్ళు వాళ్ళకు చెప్పింది అదే. బావ కొట్టలేదు. "ఇడువుండ్రి, పెద్ద మనిషి" అన్నాడు. కానీ ఆయన చేతులు కూడా వణుకుతున్నాయి, ఆయన కూడా ఆ మాట నమ్మాడు. ఇంటికి వచ్చే దారిలో నాతో అన్నాడు: "ఏదో గలిపిండు బామ్మర్ది. లేకుంటె గిట్లెందుకయితది?"

పొద్దున నేను లేచేసరికి బావ చేతికర్ర పట్టుకుని ఇంటి దూలాన్ని తడుతున్నాడు. తట్టి, చెవి ఒగ్గి వింటున్నాడు. బాయిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును అట్లా కర్రతో తట్టి, గట్టిగా ఉందో లేదో చప్పుడును బట్టి తేల్చుకుంటారు.

"కప్పు మంచిగలేదు. అందరు బయటికి నడువుండ్రి."

మేము ఇంట్లోనే ఉన్నామని చెప్పాను. ఆయన నన్ను గుర్తుపట్టాడు, కానీ నేనూ బాయిలోనే ఉన్నాననుకున్నాడు. "నువ్వెందుకు దిగినవ్? చదువుకొమ్మంటె దిగుతవా?" అని కోప్పడ్డాడు. పక్కింటి అవ్వ గాలి సోకిందంది. వేపమండలు తెచ్చింది. అక్క మాత్రం పిల్లలను తీసుకుని నిజంగానే వాకిట్లోకి వెళ్ళి నిలబడింది. "మేమందరం బయటికొచ్చినం. నువ్వు గూడ రా" అంది. ఆయన రాబోయాడు. గడప దగ్గర ఫిట్స్ వచ్చాయి.

ఆటోలో జనగామ బయలుదేరాం. దారిలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు జరుగుతోంది. మమ్మల్ని చూడగానే వాళ్ళు అన్నం గుండిగను కూడా పక్కకు జరిపి దారి ఇచ్చారు. ఒకామె నీళ్ళ సీసా అందించింది. దారిలో ఆలస్యం కాలేదని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను. ఆటోలో ఇంకోసారి ఫిట్స్ వచ్చాయి. దవాఖానలో డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "పొడి కల్లు ఆగిపోయి ఎన్ని రోజులైంది?" అప్పటికే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మంచాల మీద, మంచాల మధ్య ఉన్నారు. ఒళ్ళు ఆ పొడికి అలవాటు పడ్డాక ఒక్కసారి ఆపితే ఇట్లాగే అవుతుందని, దాన్ని మెల్లమెల్లగా తగ్గించాల్సి ఉంటుందని ఆయన చెప్పాడు. చాలామందికి నయమైంది. బావకు అప్పటికే ఊపిరి బాగా లేదు. మధ్యాహ్నం పోయాడు.

మూడో రోజు పిట్టకు పెట్టాలి. శ్మశానంలో, బొందల గడ్డ దగ్గర, చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడతారు. అందులో కల్లు ఉండాలి, అది వాడిక మనిషే తేవాలి. ముసలాయన మోచేతి గాయానికి గుడ్డ కట్టుకుని లొట్టితో వచ్చాడు. మా వాళ్ళు కొందరు "ఏ మొకం బెట్టుకొని వచ్చినవ్?" అంటూ లేచారు. అక్క వాళ్ళను ఆపింది.

"ఇది చెట్టుదా, పొడిదా మామా?"

"చెట్టుదే బిడ్డా."

"మొన్నటిది?"

"అది గూడ చెట్టుదే. మీ ఆయన ఆఖరికి తాగింది రెండు రోజులు చెట్టుదే."

"అంతకుముందు?"

అక్కడ, విస్తరి ముందు నిలబడి అబద్ధం చెప్పేవాళ్ళు మా దగ్గర తక్కువ. "పొడిది" అన్నాడు. "పటేల్ ఇచ్చింది."

పటేల్ అక్కడే ఉన్నాడు. చావుకు వచ్చినవాడు, పాడె మోసినవాడు. ఆయన గొంతు పెంచలేదు.

"నా పొడితోని సచ్చిండా చెల్లే? పొడి దొరకక సచ్చిండు. డాక్టరే చెప్పిండు గద. నేను తేగలిగితె ఇయ్యాల మీ ఆయన బతికుంటుండె. రైలు నేనాపిన్నా?"

అందులో ప్రతి వాక్యమూ నిజం.

అక్క ఆయన వైపు తిరిగింది. "లేకుంటె సచ్చేటట్టు మనిషిని జేసింది ఎవలు పటేలా?" అంది.

"ఎవ్వని నోట్లె నేను పొయ్యలే."

"పొయ్యలే. అది లేంది బతకకుంట జేసినవ్."

"సరే చెల్లే. నువ్వు దుఃఖంల ఉన్నవ్. రాష్ట్రం రానియ్యి, అన్ని మాట్లాడుకుందాం. ఇప్పుడు ఇది పేపర్లకెక్కితె ఏమయితది? తెలంగాణోళ్ళంటె తాగుబోతులని ఆళ్ళు సినిమాలల్ల ఎన్నేండ్ల సంది నవ్వుతుండ్రు. మనంతట మనమే రాసిద్దామా?"

మా చిన్నాయన తల ఊపాడు. ఇంకా చాలామంది ఊపారు. రాష్ట్రం వచ్చినంక అన్న మాట ఆ రోజుల్లో అన్నింటికీ చెల్లేది. ఎండిన చెరువుకు, రాని ఉద్యోగానికి, అన్నదమ్ముల భూమి పంచాయతీకి. ఎక్కువసార్లు నిజాయితీగానే అనేవాళ్ళు. అందుకే దాన్ని కాదనడం కష్టం.

అక్క కేసు పెడతానంది. మానుకోటలో నాతో పాటు పనిచేసే మిత్రునికి ఈ సంగతి చెప్పాను. ఆయనది బయ్యారం వైపు తండా. ఇంట్లో వాళ్ళ భాష, తరగతిలో తెలుగు, కోపం వస్తే రెండూ మాట్లాడతాడు. ఆయన నమ్మకంగా లేడు.

"మా తండాల ఇద్దరు పిల్లలు గంజాయి మూటలు మోసి లోపలున్నరన్నా. ఎవలియో, ఎక్కడియో ఆళ్ళకే తెల్వదు. కూలికి మోసిండ్రు. మోసినోడు జైల్ల, మోయించినోడు దావత్ల. మీ అక్కకు చెప్పు. కేసు పెడితె ముందుగల్ల దొరికేది చెట్టెక్కేటాయన."

చెప్పాను. ఆమె నేరుగా ముసలాయన ఇంటికి వెళ్ళింది. నన్నూ రమ్మంది.

"నేను కేసు పెడుతున్న మామా. నిన్ను లోపలేస్తరు."

"ఏస్తె ఏస్తరు బిడ్డా. కలిపింది నిజమే గద."

"పటేల్ ఇచ్చిండని అక్కడ గూడ చెప్తవా?"

ఆయన భార్య లోపలి నుంచి "చెప్పి యాడుంటవ్? ఊళ్ళె ఉండవా?" అంది.

"నేను చెట్టుదే పోస్తుంటి బిడ్డా," అన్నాడు ఆయన, భార్యకు కాక అక్కకే చెబుతున్నట్టు. "పక్క మండువల పొడి వడ్డది. నా ఇండ్లోళ్ళు ఒక్కొక్కలే అటు పొయ్యిండ్రు. తాతల నాటి వాడికలు. నీదేందే ఎక్కుతలేదు అన్నరు. ఒక్కడు గలిపితె అందరు గలపాలె. నేనొక్కన్ని బంద్ జేస్తె బంద్ అయ్యేది నేనే. అందరికి ఒక్కసారి బంద్ అనేటోడు ఉండాలె. ఆ మాట ఊళ్ళె ఎవలంటరు? చెప్త, పో."

ఆ తర్వాత చాలాకాలం నేను దీని గురించి ఆలోచించాను. ఎదిగిన మనిషి తాగుడు ఆయన ఇష్టం అని నేను చదివింది ఇప్పటికీ పూర్తిగా తప్పనుకోను. తాగేవాణ్ణి జైల్లో పెట్టమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆ వణికే చేతులకు దవాఖాన కావాలి. కానీ ఆ పుస్తకాల్లోని మనిషి ముందు రెండు దారులు ఉంటాయి. ఆ ఊళ్ళో ఒకటి మూసుకుపోయింది. పొడి వద్దనుకున్న మనిషికి కూడా ఊరి చుట్టూ తాడిచెట్లున్నా చెట్టు కల్లు దొరకలేదు. వద్దని చెప్పగలిగిన మనిషికి పొడి అమ్మిన పటేల్, వద్దని చెప్పలేని మనిషిని తయారుచేసుకున్నాడు. ఎరువు అమ్మడం లాంటిది కాదు ఈ అమ్మకం. అమ్మకం అంటే కొనేవాడు రేపు మానుకోగలగాలి. ఇది అక్క విస్తరి ముందు నిలబడి చెప్పిన దానికి నా భాష, అంతే.

జనగామలో ఫిర్యాదు ఇచ్చాం. మిత్రుడు చెప్పినట్టే ముసలాయనను ముందు పట్టుకున్నారు. ఆయన చెప్పిన మీదట పటేల్ గోదాము వెతికితే బస్తాల వెనక పొడి దొరికింది. పటేల్ బెయిలు మీద తొందరగా వచ్చాడు, ముసలాయన ఆలస్యంగా వచ్చాడు. తర్వాత కోర్టు ముసలాయనను క్షమించి సాక్షిగా ఒప్పుకుంది.

ఊరు అక్కను వెలివేయలేదు, మాటలు తగ్గించింది. రిలే దీక్షల టెంటు దగ్గర ఒకామె "నువ్విక్కడ కూసోకు వదినె, మనోని మీదనే కేసు పెట్టినవ్" అంది. అక్క చెప్పులు విడిచి చాప మీద కూర్చుంది. "రాష్ట్రం ఆయన ఒక్కనికే వస్తదా? నాగ్గూడ కావాలె" అంది. సాయంత్రం దాకా లేవలేదు. మర్నాడు ఎవరూ ఏమీ అనలేదు.

కోర్టులో పటేల్ తరఫు వకీలు అక్కను అడిగాడు: "మీ భర్త చేత ఎవరైనా బలవంతంగా తాగించారా?"

"మొదలు ఎవ్వలు బలవంతం జెయ్యలే. ఆఖరికి బలవంతం అక్కర లేకుండె."

"అవును, కాదు అని చెప్పండి."

"రెండు గావు."

జడ్జి ఆ జవాబును ఉన్నదున్నట్టు రాయమన్నాడు. అది ఇంగ్లీషులో ఎట్లా పడిందో నాకు తెలియదు.

రాష్ట్రం వచ్చింది. ఊరేగింపులో పటేల్ ఉన్నాడు, ముసలాయన ఉన్నాడు, అక్క కూడా ఉంది. ఆ తర్వాత కొన్నాళ్ళకు తీర్పు వచ్చింది. పటేల్‌కు శిక్ష పడింది. ఆయన అప్పీలుకు వెళ్ళాడు. తీర్పు నకలు తీసుకుని అక్క ఇంటికి వెళ్ళాను. మొత్తం చదివి తెలుగులో చెప్పమంది. చదివాను. పొడి ఎంత, ఎక్కడ దొరికింది, సంచికి సీలు ఎవరు వేశారు, పరీక్షలో అది ఏమని తేలింది. చాలా పేజీలు అదే. బావ ఒక్క చోట వచ్చాడు, ఒక సాక్షికి చనిపోయిన భర్తగా. చావుకు కారణం ఏమిటన్న విషయంలోకి ఈ కేసులో వెళ్ళనవసరం లేదని అక్కడే రాసి ఉంది.

"గంతేనా?"

"అంతే."

"సంపిండని లేదా?"

లేదని చెప్పాను. ఎందుకు లేదో కూడా చెప్పాను. ఒక్కొక్క చావునూ ఒక్కొక్క అమ్మకానికి ముడిపెట్టి నిరూపించాలంటే ఏ అమ్మేవాడూ దొరకడు. పొడి లేక చచ్చాడని పటేల్ అన్న మాటే ప్రతి కేసులోనూ వినిపిస్తుంది. అందుకని చట్టం చావుల దాకా ఆగదు. దగ్గర పెట్టుకోవడమే, అమ్మడమే నేరమంటుంది.

ఆమె శ్రద్ధగా విన్నది. బావ సంపాదకీయం విన్నట్టు, మధ్యలో ఆపి అడుగుతూ.

"అంటె మీ బావ సావకున్నా గాయినకు శిక్ష పడుతుండెనా?"

"పడేది."

"ఎవ్వలు సావకముందుగాలనే పట్టుకోవచ్చునా?"

"పట్టుకోవచ్చు. ఆ చట్టం ఉన్నదే అందుకు."

"అప్పుడు గూడ ఉండెనా, ఈ చట్టం?"

"ఉంది. చాలా ఏళ్ళ ముందు నుంచి ఉంది."

అక్క కాగితాల వైపు చూసింది. అవి ఆమె చదవగలిగిన భాషలో లేవు.

"మరి పట్టుకోలేదేంది తమ్మీ?"